ఈ పొద్దు ఏం తిన్నారమ్మా?

నా పేరు సుగుణ. తిరుపతిలో రేడియోలో పనిచేసి రిటైరయ్యాను. సాహిత్య కార్యక్రమాలు నా సీటు. పేరున్న కవుల్నీ కథకుల్నీ స్టూడియోకి పిలిపించడం, రాలేని పెద్దవాళ్ల ఇళ్లకి మిషన్ మోసుకుని పోవడం, వాళ్లు మాట్లాడింది రికార్డు చేసి, దగ్గులూ తుమ్ములూ తీసేసి జనానికి వినిపించడం, ఇదీ నా పని.

ఈమధ్య సెల్‌ఫోన్లో కార్యక్రమాలు చేసే పిల్లలు కొందరు మా ఇంటికి వచ్చారు. మంచి పిల్లలే. కాఫీ తాగి అసలు సంగతికి వచ్చారు.

"మేడం, పెద్ద పెద్ద రైటర్ల ఇండ్లన్నీ చూసినారు కదా. లోపల సంగతులు చెప్పండి మేడం. ఎవురు తాగతారు, ఎవురు పెండ్లాన్ని ఏడిపిస్తారు, ఎవురికి రెండో సంసారం ఉండాది. జనం ఎగబడి వింటారు."

నాకు కోపం వచ్చింది. నా కోపం తొందరగా వస్తుంది, తొందరగా పోతుంది, మధ్యలో దొరికినవాళ్లకే కష్టం. నాలుగు తిట్టి పంపించాను. వాళ్లు పోయాక కూర్చుని ఆలోచిస్తే, తెలుసుకోవాలనుకోవడంలో తప్పు లేదనిపించింది. నేను మాత్రం తెలుసుకోలేదా? కానీ ఆ ఇళ్లలోకి పోయే పద్ధతి ఒకటుంది, వచ్చే పద్ధతి ఇంకొకటుంది. అది ఎవరైనా చెప్పకపోతే పిల్లలకి ఎలా తెలుస్తుంది? అందుకని రాస్తున్నాను. ప్రమోషన్లూ ట్రాన్స్‌ఫర్లూ ఇందులో ఉండవు. పేర్లు మార్చాను.

మామిడిచెట్టు నీడ

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఆ సామెతకి అర్థం తెలిసింది. అన్నదమ్ముల అనురాగం గురించి రాసి జిల్లా అంతా కన్నీళ్లు పెట్టించినాయన ఒకాయన ఉండేవారు. ఆయనకి సొంత అన్నతో ఒక మామిడిచెట్టు దగ్గర తగాదా. చెట్టు వీళ్లది, నీడ వాళ్ల చేలో పడుతుందట. దానికోసం చిత్తూరు కోర్టు మెట్లు ఎక్కీ దిగీ ఇద్దరికీ మోకాళ్లు అరిగిపోయాయి. రికార్డింగుకి రమ్మంటే "ఆ పొద్దు వాయిదా ఉండాదమ్మా, ఇంగో దినం పెట్టుకుందాం" అనేవారు. వచ్చి కూర్చుని, రామలక్ష్మణుల గురించి గొంతు గద్గదమయ్యేలా మాట్లాడి పోయేవారు.

మొదట్లో నాకు ఒళ్లు మండేది. దొంగ ముండాకొడుకులు, పైకి శ్రీరంగ నీతులు అనుకునేదాన్ని. తర్వాత తర్వాత ఆ మంట తగ్గింది. ఆయన రాసింది అబద్ధం కాదు. తనకి లేనిదాన్ని ఆయన అంత బాగా రాశారు, అంతే. ఆకలైనవాడే కదా అన్నం గురించి ఎక్కువ మాట్లాడేది.

అలాగని రెండో రకం మాటలు కూడా నాకు పడవు. "అంత గొప్ప రచయిత, ఇంట్లోవాళ్లు కాస్త సర్దుకోవాలి" అనేవాళ్లని చాలామందిని చూశాను. కష్టాల్లోంచే గొప్ప సాహిత్యం పుడుతుందని సభల్లో చప్పట్లు కొడతారు. పుడితే పుట్టనీండి. నేను చూసినంతలో చాలా ఇళ్లలో కష్టం ఒకరిది, కథ ఇంకొకరిది.

రామానుజం గారి బ్లేడు

నాకు పని నేర్పింది రామానుజం గారు. తిరుపతిలోనే పుట్టి పెరిగిన మనిషి. గుడి కైంకర్యంలో ఉన్న కుటుంబం వాళ్లది. ఈయన ఒక్కరే మిషన్ల వైపు వచ్చారు. నుదుట నామం, చేతిలో స్క్రూడ్రైవరు.

రేడియోలో ఒక అలవాటు ఉంది. రికార్డింగు మొదలుపెట్టే ముందు ఎదుటివాళ్లని ఏదో ఒకటి మాట్లాడించి, గొంతు ఎంత పైకి పోతుందో మిషన్లో సరిచూసుకుంటాం. దానికి రామానుజం గారు అందరినీ ఒకటే అడిగేవారు. "ఈ పొద్దు ఏం తిన్నారు?" ఎంతటి పండితుడైనా సరే, ఆ ప్రశ్నకి మామూలు మనిషిలా జవాబు చెబుతాడు. నాకూ అదే అలవాటైంది.

సారా మానండి అని పాటలు రాసిన కవిగారు ఒకసారి స్టూడియోకి వచ్చారు. ఆడవాళ్లు ఊరూరా పాడుకునే పాటలవి. గది నిండా లవంగాల వాసన. మైకు ముందు కూర్చోబెట్టి, ఏం తిన్నారండీ అన్నాను.

"తినేదేముందమ్మా, తాగినాను" అన్నారాయన. "మానుకోలేకపోతా ఉండా. ఇంట్లో ఆడమనిషి నా పాటే నాకు పాడి తిడతాది."

ఆ తర్వాత ఎర్రలైటు వెలిగింది. మద్యం ఇంటిని ఎలా గుల్ల చేస్తుందో ఆయన ఖణీమని మాట్లాడారు. అంత బాగా ఇంకెవరూ మాట్లాడలేదు.

అవి టేపు రోజులు. అక్కర్లేని ముక్కని బ్లేడుతో కోసి తీసేసేవాళ్లం. ఆయన వెళ్లాక నేను ఆ మొదటి ముక్క చేత్తో పట్టుకుని, సార్, అసలు ప్రోగ్రాం ఇదే కదా, దీన్నే వేస్తే ఎలా ఉంటుంది అన్నాను. వయసులో ఉన్నాను, తెలివి ఎక్కువ.

రామానుజం గారు నా చేతిలోంచి ఆ ముక్క తీసుకుని, ఇంకా చిన్న ముక్కలుగా కోసి, చెత్తబుట్టలో వేశారు. "ఏమ్మా, లైటు ఎలిగినాక చెప్పింది జనానిది. ఎలగకముందు చెప్పింది ఆయనది. ఆయన సొత్తు మనం ఎత్తుకోని పోతే దాన్నేమంటారు?" అన్నారు. ఆ మాట ఇక్కడ రాసింది, ఏళ్ల తర్వాత ఆ కవిగారిని అడిగి, సరేననిపించుకున్నాకే.

చిలకాగోరింకలు

ఇప్పుడు చంద్రగిరి సంగతి. టేపులు పోయి కంప్యూటర్లు వచ్చాక జరిగింది.

మునిరత్నం అయ్యవారని పెద్ద కథకులు. బడిలో పాఠాలు చెప్పి రిటైరైనవారు, అందుకే అందరూ అయ్యవారనే అంటారు. ఆయన రాసేదంతా మొగుడూపెళ్లాల కథలే. కొట్లాటలుండవు. ఆ కథల్లో ఇల్లాలు ఎక్కువ మాట్లాడదు, మాట్లాడితే ముత్యం రాలినట్టుంటుంది. కొండ మీద పెళ్లి చేసుకుని కిందికి దిగిన జంటలకి చదివింపుల్లో ఆ పుస్తకం తప్పకుండా వచ్చేది. నా పెళ్లికీ వచ్చింది.

మా స్టేషన్‌కి అప్పుడే కొత్తగా వచ్చిన బాసు చురుకైన మనిషి, చెడ్డవారు కాదు. అయ్యవారి పుట్టినరోజు వస్తోందని తెలిసి ఉబలాటపడ్డారు. "సుగుణ గారూ, ఆయన్ని ఒక్కరినే కాదండీ, భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టండి. ఆదర్శ దంపతుల ముచ్చట. ప్రకటన కూడా వేసేశాం" అన్నారు. ముందు ప్రకటన, తర్వాత అడగడం. బాసులందరికీ ఉన్న జబ్బే.

మంచి ఎండాకాలం. చంద్రగిరిలో కోటవైపు వీధిలో వాళ్ల ఇల్లు. నేను మిషన్ సర్దుకుంటుంటే అయ్యవారి భార్య రాజమ్మ మజ్జిగ తెచ్చింది. రెండు గ్లాసులూ బల్ల మీద పెట్టి, గోడవైపు చూసి, "మజ్జిగ ఈడ పెట్టినాను" అంది. అయ్యవారు ఒక గుక్క తాగి, కిటికీవైపు చూసి, "ఉప్పు ఎక్కువైనాది" అన్నారు. ఆమె పోయి నీళ్లు తెచ్చి పెట్టింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడలేదు. నాకు అర్థమైంది. గోడతో మాట్లాడుకునే సంసారాలు మన వైపు కొత్తేం కాదు. కానీ ఈ ఇంట్లో, ఇన్ని పుస్తకాల మధ్య.

గ్లాసులు ఇచ్చే నెపంతో వంటింట్లోకి పోయాను. రాజమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మణ్ణీ, నాకు ఈ రేడియో వద్దు. బంగారుపాళ్యంలో మా చెల్లెలుండాది. మామిడితోట కాడ ఒక గది ఉండాది, వచ్చేయక్కా, ఉన్నన్నాళ్లు ఇద్దురం ఉందామంటాది. సంచి సర్ది పెట్టుకోని చానా దినాలైనాది. పుట్టినరోజు కానీలే అని ఆగినా. ఇప్పుడు నువ్వొచ్చి, మాది చిలకాగోరింకల సంసారమని నా నోటితోనే చెప్పిస్తే, లోకమంతా విన్నాక ఇంగ నేను యాడికి పోయేది? పోతే ఆయన పేరు పోతాది. పోకపోతే నా పాణం పోతాది."

"మీకు ఇష్టం లేకపోతే వద్దమ్మా. మాట్లాడనన్నారని మా బాసుకి చెప్తాను" అన్నాను.

ముందుగదిలోంచి అయ్యవారు కిటికీతో చెబుతున్నారు. "ఆమె కూడా రావాల. ఇద్దురిదీ అని ప్రకటన చేసినారు." రాజమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "సరే, వచ్చి కూర్చుంటా. నోరైతే తెరవను" అంది.

ఫ్యాను ఆపిన పూట

చప్పుడు పడకూడదని ఫ్యాను ఆపేశాను. ఫ్రిజ్జు ఆపేశాను. తలుపులు మూశాను. అయ్యవారికి వినికిడి తక్కువ. నా ప్రశ్నలు వినిపించాలని ఆయన చెవులకి హెడ్‌ఫోన్ పెట్టాను. మైకు రాజమ్మ ముందు ఉంది. ఆమె నోరు తెరవదని తెలుసు. అయినా చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి కదా, అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది.

"ఈ పొద్దు ఏం తిన్నారమ్మా?"

ఆమె తలెత్తింది. ఆ ప్రశ్న తనని ఇంతవరకు ఎవరూ అడగనట్టు చూసింది.

"ఏం తిన్నానా. ఆయనకి మెత్తగా ఇడ్లీ చేసినా, అదే తిన్నా. ఆయనకి పప్పులు పడవు, గ్యాసు. నాకు పితికిపప్పంటే పాణం. చలికాలం వస్తే అనపగింజలు నానబెట్టుకోని, నేనూ మా చెల్లెలూ ఎదురెదురుగా కూర్చోని ఒక్కొక్క గింజా పితికి తోలు తీసేవాళ్లం. తీస్తా తీస్తా లోకమంతా మాట్లాడుకునేది. పెండ్లయినాక చేసుకోనే లేదు. అడిగినోళ్లు లేరు." మైకుని వేలితో చూపించింది. "ఇది యాడన్నా వస్తాదా అమ్మణ్ణీ?"

"రాదమ్మా. మిషన్ సరిచూసుకునేదానికి, అంతే."

"ఒట్టా?"

"ఒట్టు."

"అట్లయితే చెప్తా" అంది. మైకుని చూసే చెప్పింది, ఇన్నాళ్లూ గోడకి చెప్పినట్టే. "నేను ఎందుకు మాట్లాడేది మానేసినానో ఈయనకి తెలీదు. కోపమనుకుంటాడు. కోపం కాదు, భయం. నేను ఏం మాట్లాడినా వారపత్రికలో వస్తాది. మా నాయన పోయినప్పుడు నేను ఏడ్చిన ఏడుపు వచ్చినాది. నాకు కడుపు పోయినప్పుడు అన్న మాట వచ్చినాది. జనం చానా బాగుందన్నారు. పోనీలే, నా మొగుడే గదా అనుకున్నా. మా చెల్లెలు నన్ను నమ్మి ఒక మాట చెప్పినాది. మనసు ఆగక ఈయనకి చెప్పినా. పేరు మార్చి రాసినాడు. పేరు మారిస్తే బంగారుపాళ్యంలో జనానికి తెలీదా? మళ్లా మా చెల్లెలు మా గడప తొక్కలేదు. నన్ను క్షమించేదానికి దానికి ఇన్నేండ్లు పట్టినాది. ఆ పొద్దే నోటికి తాళం ఏసుకున్నా. నేను గమ్మునుంటే ఈయనేం చేసినాడు? గమ్మునుండే ఇల్లాలు ఎంత గొప్పదో అని ఇంగో పుస్తకం రాసినాడు."

ఆ పుస్తకమే నా పెళ్లికి వచ్చింది. నవ్వొచ్చింది నాకు, ఏడుపూ వచ్చింది.

అయ్యవారు హెడ్‌ఫోన్ తీయలేదు. ఇన్నేళ్ల తర్వాత భార్య గొంతు నేరుగా చెవిలో పడింది, అదీ గట్టిగా, స్పష్టంగా. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. పెదవులు కదులుతున్నాయి. ఆయన కుడిచెయ్యి మెల్లగా పైకి లేచి, చొక్కా జేబులోకి పోయి, పెన్ను పట్టుకుంది.

రాజమ్మ చూసింది. "సూసినావా అమ్మణ్ణీ" అంది నాతో. అని నవ్వేసింది. ఎగతాళి కాదు, నిజంగానే నవ్వింది. అలవాటైన కుక్క గుమ్మం దగ్గర తోకాడిస్తే నవ్వుతామే, అలా.

అయ్యవారు తన చెయ్యి తానే చూసుకున్నారు. సిగ్గుతో మొహం నల్లబడింది. పెన్ను తీసి బల్ల మీద పెట్టి, ఆమె వైపు జరిపారు. "రాజమ్మా" అన్నారు. చెవులు మూసి ఉన్నాయి కదా, గది అదిరేలా అన్నారు. "నువ్వు పో. నువ్వు సర్ది పెట్టుకున్న సంచి చూసినా, చెల్లెలి కాడికి పో. జనానికి నేను చెప్పుకుంటా. ఇది మాత్రం రాయను."

"రాయవని నమ్మేదెట్ల?"

"పెన్ను నీ కాడ్నే పెట్టుకో."

"ఇంట్లో పెన్నులకేం కరువా" అంది రాజమ్మ, గోడకి కాదు, ఆయన మొహం మీదే.

నేను లేచి ఫ్యాను వేశాను. ముగ్గురం చెమటతో తడిసిపోయి ఉన్నాం. ఆ గాలి ఎంత హాయిగా ఉందో ఇప్పటికీ గుర్తుంది. తర్వాత ఆయన ఒక్కరితోనే కథలు రాసే పని గురించి రికార్డు చేసుకుని వచ్చేశాను.

ఫైలు

ఇప్పటి మిషన్లకి బ్లేడు అక్కర్లేదు. ఆన్ చేసింది మొదలు అన్నీ ఎక్కించుకుంటాయి. నేను టీ తాగి వచ్చేసరికి మా బాసు నా సీట్లో కూర్చుని, హెడ్‌ఫోన్ పెట్టుకుని, రాజమ్మ మాటలు వింటున్నారు. ఆయన కళ్లు కూడా తడిగా ఉన్నాయి.

"సుగుణ గారూ, మీ సర్వీసులో ఇలాంటిది ఇంకోటి రాదు. దీన్ని వేద్దామండీ. ఆవిడకి న్యాయం జరుగుతుంది. ఇలాంటి ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారో" అన్నారు.

న్యాయం అనేసరికి నేను ఒక్క క్షణం తడబడ్డాను. ఆయన చెప్పింది తప్పు కాదు కదా. వింటే చాలామంది గుండెలు కరిగేవి. కానీ మునిరత్నం అయ్యవారు మాత్రం ఏమనుకుని రాశారు? బాగుంది, జనం గుండెలు కరుగుతాయి అనే కదా. ఆవిడ మాట ఆవిడని అడక్కుండా మళ్లీ ఒకసారి ఊరికి పంచడం, అదీ ఆవిడకి న్యాయం చేస్తున్నామని.

"ఒట్టు వేశాను సార్" అన్నాను. ఆయన ఏదో అనబోతుంటే, ఆయన ముందే వంగి ఆ ముక్క చెరిపేశాను. బాసు కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. గోడకి చెప్పేవారు, పని జరిగిపోయేది.

కార్యక్రమం అయ్యవారితోనే వచ్చింది. చివర్లో ఆయనే అన్నారు, "మా ఇంటామె మాట్లాడదల్చుకోలేదు. అది ఆమె ఇష్టం" అని. ఆయన అన్ని పుస్తకాలకన్నా నాకు నచ్చిన వాక్యం అది.

పితికేది అయిపోనీ

పుట్టినరోజు అయిన మర్నాడే రాజమ్మ సంచి పట్టుకుని బస్సెక్కింది. ఎక్కించింది అయ్యవారే. ఊరు నవ్వుతుందని ఇద్దరూ అంత భయపడ్డారా, ఊరు నవ్వలేదు. ఆ ఏడు మామిడికాయ రేటు పడిపోయింది, ఊరికి దాని ఏడుపే సరిపోయింది. అడిగిన ఒకరిద్దరికి అయ్యవారు "చెల్లెలి కాడ ఉండాదప్పా" అని చెప్పారు. అంతటితో అయిపోయింది. ఏళ్ల తరబడి మోసిన బరువు దింపి చూస్తే అందులో రాళ్లు కూడా లేవు.

కొన్నాళ్లకి నాకు ఫోన్ చేసి ఆయనన్నారు. "బతికినాను సుగుణమ్మా. గోడతో మాట్లాడుకుంటా కూర్చోని సుఖసంసారం రాయడం ఎంత నరకమో నీకు తెలీదు. ఇప్పుడు ఆమే ఫోన్ చేస్తాది. తిడతాది. హాయిగా ఉండాది."

పోయిన చలికాలం బంగారుపాళ్యం వెళ్లాను. హైవే దిగి తోటల్లోకి పోతే ఆ ఇల్లు. సీజను కాదు కాబట్టి మామిడి గుజ్జు ఫ్యాక్టరీల వైపు సందడి లేదు. వరండాలో రాజమ్మ, ఆమె చెల్లెలు ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో గిన్నె నిండా నానిన అనపగింజలు. పక్కన, నాకు నవ్వాగలేదు, మునిరత్నం అయ్యవారు. వారానికొకసారి చంద్రగిరి నుంచి బస్సులో వస్తారట. ఆయనకీ ఒక గుప్పెడు గింజలిచ్చారు. పితకడం చేతకాక, నొక్కినప్పుడల్లా గింజ ఎగిరి దూరంగా పడుతోంది.

నేనూ కూర్చుని గింజలు పితుకుతూ అడిగాను. "కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలకి పద్ధతి చెప్పాలని మీ సంగతి రాద్దామనుకుంటున్నాను. పేర్లు మారుస్తాను. రాయొచ్చునా?"

ముగ్గురి చేతులూ ఆగిపోయాయి. అయ్యవారు రాజమ్మని చూశారు. రాజమ్మ చెల్లెలిని చూసింది.

"నా మాట వద్దు" అంది చెల్లెలు.

"అది రాయను" అన్నాను. అందుకే అది ఇందులో లేదు.

రాజమ్మ ఇంకో రెండు గింజలు పితికింది. "అడిగి రాస్తాండేది నువ్వొక్కదానివే. రాసుకో పో" అంది.

"నేనూ అడగతానే ఉండా గదా ఇప్పుడు" అన్నారు అయ్యవారు ఉక్రోషంగా.

"నువ్వు అడగతాండావు, నేను వద్దంటాండా. నీకేం తక్కువైనాది? పితుకు."

ఆయన బుద్ధిగా పితికారు. గింజ ఎగిరి నా ఒళ్లో పడింది. అక్కాచెల్లెళ్లిద్దరూ పడీ పడీ నవ్వారు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటూ రాజమ్మ నావైపు తిరిగింది.

"అమ్మణ్ణీ, ఆ పొద్దు మిషన్ ముందర అడిగినావే, అది మళ్లా అడుగు."

"ఈ పొద్దు ఏం తిన్నారమ్మా?"

"ఇంగా తినాల, పితికిపప్పు. పితికేది అయిపోనీ. నువ్వూ తినే పోవాల" అంది. అని, మొగుడి చేతిలోని గింజలు కూడా తన కొంగులోకి లాక్కుని, "ఇది మాత్రం మర్సిపోకుండా రాయి" అంది.